తర్వాతి ఆర్‌వీలో ఏముండాలి? బిగించుకోగలిగేవి వేరు, పుట్టుకతో రావలసినవి వేరు

బిగ్ బెండ్ నేషనల్ పార్కులో మూడో రోజు ఉదయం మా పెద్దవాడు ఆర్‌వీ (చక్రాల మీది ఇల్లు) స్నానాల గదిలోంచి కేక వేశాడు: "నాన్నా, నీళ్లు కిందికి పోవడం లేదు, పైకి వస్తున్నాయి." వెళ్లి చూస్తే షవర్ పళ్లెంలో రెండంగుళాల మేర మురికి నీళ్లు నిలిచి ఉన్నాయి. రాత్రి కడిగిన పప్పుగిన్నెలోని కరివేపాకు రెబ్బ ఒకటి అందులో తేలుతోంది. సింకులో, షవర్లో వాడిన నీళ్లు చేరే గ్రే ట్యాంకు నిండిపోయిందన్నమాట. నిండిన ట్యాంకు అన్నిటికంటే పల్లంగా ఉన్న రంధ్రం నుంచి పైకి తన్నుతుంది. ఆర్‌వీలో ఆ పల్లం షవరే.

మేం ఉండేది డాలస్ దగ్గర. నేనూ, మా ఆవిడా, ఇద్దరు పిల్లలు; ఏడాది విడిచి ఏడాది తెనాలి నుంచి అమ్మా నాన్నా వచ్చి ఆరు నెలలు ఉంటారు. నాలుగేళ్లు 29 అడుగుల ట్రావెల్ ట్రైలర్‌ను పికప్ ట్రక్కు వెనక కట్టుకుని తిరిగాం, ఈ చలికాలంలో అమ్మేశాం. దాన్ని కొన్న రోజు నేను టీవీ సైజు చూశాను, బయటి స్పీకర్లు మోగించి చూశాను, పందిరి కింద రంగులు మార్చే దీపాల పట్టీని మెచ్చుకున్నాను. గ్రే ట్యాంకు ఎన్ని గ్యాలన్లో అడగలేదు. అది 30 గ్యాలన్లని బిగ్ బెండ్‌లో తెలిసింది.

ఆర్‌వీ ఉన్నవాళ్లు ఇద్దరు కలిస్తే మాటలు చివరికి "తర్వాతి దాంట్లో ఇది ఉండాలి" అన్న చోటికే వస్తాయి. ఒకరికి పెద్ద ఫ్రిజ్ కావాలి, ఒకరికి సోలార్ కావాలి, ఇంకొకరికి మంచి పరుపు కావాలి. అన్నీ న్యాయమైన కోరికలే. కాని వాటన్నిటినీ ఒకే జాబితాలో రాసుకుని షోరూముకు వెళితే నాలాగే మోసపోతారు. ముందు ఆ జాబితాను రెండుగా చీల్చండి. సోలార్ ప్యానెళ్లు, లిథియం బ్యాటరీలు, వెనక కెమెరా, పరుపు, ఫ్యాను, ఉపగ్రహ ఇంటర్నెట్ ఇచ్చే స్టార్‌లింక్ వంటివి ఎప్పుడైనా కొని బిగించుకోవచ్చు. బండి పొడవు, మోయగల బరువు, ట్యాంకుల పరిమాణం, లోపలి అమరిక, గోడల నిర్మాణం ఇవన్నీ బండితో పుట్టేవి. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదన్న మాట ఆర్‌వీలకు సరిగ్గా అతుకుతుంది. అమ్మేవాళ్లు మాత్రం మొదటి రకాన్నే చూపించి ధర చెబుతారు.

ముందుగా, ఏ జాతి బండి

మా లాంటి కుటుంబానికి నిజంగా పోటీలో నిలిచేవి మూడు. ట్రక్కు లాగే ట్రైలర్, ట్రక్కు చాసిస్ మీద కట్టి డ్రైవరు తల మీదుగా మంచం పొడుచుకొచ్చినట్టుండే క్లాస్ సి, మెర్సిడెస్ స్ప్రింటర్ లేదా ఫోర్డ్ ట్రాన్సిట్ లేదా రామ్ ప్రోమాస్టర్ వ్యానులోనే ఇల్లు అమర్చిన క్లాస్ బి. బస్సంత ఉండే క్లాస్ ఎ ముచ్చట గొలుపుతుంది గాని, ఉద్యోగం చేసుకుంటూ ఏడాదికి 20 రాత్రులు బయట పడుకునేవాళ్లకు అంత బండి దేనికి? అందులో 26,000 పౌండ్లు దాటిన వాటికి టెక్సస్‌లో లైసెన్సు కూడా వేరే తీసుకోవాలి. ట్రక్కు తొట్టిలోనే తగిలించి లాగే ఫిఫ్త్ వీల్ ట్రైలర్లు విశాలంగా ఉంటాయి, కాని వాటి బరువులో సుమారు ఐదో వంతు ట్రక్కు మీదే పడుతుంది. అందుకు ఇంకా పెద్ద ట్రక్కు కావాలి, అది రోజూ ఆఫీసు పార్కింగులో ఇరకాటం.

వ్యాను సంగతి తొందరగా తేల్చేస్తాను. ఇద్దరికి దానంత హాయి మరొకటి లేదు. కిరాణా కొట్టు ముందు మామూలు కార్ల మధ్య నిలుపుకోవచ్చు, నడపడానికి జంకు ఉండదు. ధర మాత్రం చాలావాటికి లక్ష డాలర్ల పైమాటే, పడక ఎక్కువగా ఇద్దరికే. పిల్లలు కాలేజీకి వెళ్లాక మళ్లీ ఆలోచిస్తాం.

క్లాస్ సి మీద మనసు పడటానికి బలమైన కారణమే ఉంది. దారిలో పిల్లలకు వాంతి వచ్చినా, పెద్దవాళ్లకు టాయిలెట్ అవసరమైనా పక్కకు ఆపి రెండడుగులు వేస్తే చాలు. ట్రైలర్‌లో ఆ వీలు లేదు. నడుస్తున్న ట్రైలర్‌లో మనుషులు ఉండటానికి చాలా రాష్ట్రాల చట్టం ఒప్పుకోదు. అందరూ ట్రక్కులో బెల్టు పెట్టుకుని కూర్చోవలసిందే. క్లాస్ సి చేరగానే జాక్‌లు దించితే సరిపోతుంది. ట్రైలర్‌ను చీకటి పడ్డాక వెనక్కి నడిపి స్థలంలో పెట్టడం భార్యాభర్తల సామరస్యానికి పెద్ద పరీక్ష. నేను ఎడమ అంటే మా ఆవిడకు కుడి అని మొదటి ఏడాదంతా తెలియలేదు.

అయినా నా ఓటు ట్రైలర్‌కే. చేరిన తర్వాతి రోజుల మాట ఆలోచించండి. క్లాస్ సిలో పాల ప్యాకెట్టు తేవాలన్నా కరెంటు, నీళ్లు, మురుగు గొట్టం అన్నీ ఊడదీసి ఇంటికి ఇల్లే కదలాలి. లేదా వెనక ఒక కారు కట్టుకు రావాలి. గ్లేషియర్ నేషనల్ పార్కులో గోయింగ్-టు-ద-సన్ రోడ్డు మీద అవలాంచ్ క్యాంప్‌గ్రౌండ్ నుంచి రైజింగ్ సన్ వరకు 21 అడుగులు దాటిన బండిని రానివ్వరు, వెనక కట్టిన దాంతో కలిపే ఆ లెక్క. క్లాస్ సి బండ్లలో అత్యధికం అంతకంటే పొడవే. ట్రైలర్ అయితే దాన్ని క్యాంపులో వదిలి, 19 అడుగుల పైచిలుకు పికప్‌లో కొండెక్కి రావచ్చు. బిగ్ బెండ్‌లో కొండల నడుమ ఉన్న చీసోస్ బేసిన్‌కు వెళ్లే మలుపుల దారికి 24 అడుగులు దాటిన మోటర్‌హోములనూ, 20 అడుగులు దాటిన ట్రైలర్లనూ తీసుకురావద్దని పార్కువాళ్లే చెబుతారు. మేం ట్రైలర్ కింద నది ఒడ్డున పెట్టి ట్రక్కులో వెళ్లాం. ఆ రోజు మాతో పాటు అక్కడ ఆగిన క్లాస్ సి కుటుంబం పైకి వెళ్లలేకపోయింది.

ఇంకొకటి. క్లాస్ సిలో ఇంజిన్ వర్క్‌షాపుకు వెళితే ఇల్లు కూడా వర్క్‌షాపుకే వెళుతుంది. సెలవు మధ్యలో అలా జరిగితే హోటల్ గది వెతుక్కోవలసిందే.

బరువు: ట్రక్కు తలుపు మీది పసుపు, తెలుపు కాగితం

ట్రక్కు ప్రకటనల్లో "11,000 పౌండ్లు లాగుతుంది" అని రాస్తారు. దాన్ని నమ్మి ట్రైలర్ కొనేవాళ్లలో నేనూ ఒకణ్ని. ముందు అయిపోయేది లాగే శక్తి కాదు, మోసే శక్తి. డ్రైవరు తలుపు తెరిస్తే చట్రం మీద ఒక స్టిక్కరు ఉంటుంది. మనుషులు, సామాను అన్నీ కలిపి ఇంతకు మించకూడదని అందులో ఒక అంకె ఉంటుంది. మా ట్రక్కుకు అది 1,480 పౌండ్లు. ట్రైలర్ ముందు కొస ట్రక్కు మీద మోపే బరువు కూడా ఆ అంకెలోంచే పోవాలి. ట్రైలర్ ఊగకుండా ఉండాలంటే ఆ కొస బరువు మొత్తం ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి.

మా లెక్క చూడండి. సామాను నింపిన ట్రైలర్ 6,900 పౌండ్లు; తూకం వేయిస్తే కొస బరువు 900. ట్రైలర్‌ను ట్రక్కుకు కలిపి బరువును ఇరుసుల మీద పంచే హిచ్ 90. మేం నలుగురం కలిపి 485. మొత్తం 1,475. అంటే మిగిలింది ఐదు పౌండ్లు, ట్రక్కులో ఒక పుచ్చకాయ పెట్టినా పరిమితి దాటుతుంది. అమ్మా నాన్నా ఎక్కితే ఇంకో 300 కలిసి 1,775 అవుతుంది. మొదటి రెండేళ్లు అలాగే తిరిగాం, తెలియక. ట్రక్కు వెనక భాగం కుంగి, ఎదురుగా వచ్చేవాళ్ల కళ్లలో హెడ్‌లైట్లు కొడుతుంటే అందరూ లైటు తగ్గించమని సైగ చేసేవాళ్లు. నేను తగ్గించే నడుపుతున్నాను మరి.

కాబట్టి ట్రైలర్ చూడటానికి వెళ్లేముందే మీ ట్రక్కు స్టిక్కరు ఫోటో తీసుకుని, ఇంట్లో అందరి బరువూ రాసుకుని వెళ్లండి. బ్రోషరులో ఉండే ఖాళీ బరువును లెక్కలోకి తీసుకోకండి, బ్యాటరీ కూడా లేని బరువది. ట్రైలర్‌కు ఉన్న గరిష్ఠ బరువు పరిమితిలో 12, 13 శాతం తీసుకుంటే నిజానికి దగ్గరగా ఉంటుంది. క్లాస్ సి కొనేవాళ్లకూ ఈ గొడవ తప్పదు. ఫోర్డ్ ఈ-450 చాసిస్ మొత్తం పరిమితి 14,500 పౌండ్లు. దాని మీద 31 అడుగుల ఇల్లు కట్టేసరికి మనుషులకూ, నీళ్లకూ, సామానుకూ మిగిలేది తక్కువ. అదే చాసిస్ మీద 24 అడుగుల బండి తీసుకుంటే ఊపిరాడుతుంది. నీళ్ల బరువు మరిచిపోకండి: గ్యాలన్‌కు 8.34 పౌండ్లు, 40 గ్యాలన్లంటే 330 పౌండ్ల పైనే.

ట్యాంకులు, టాయిలెట్, చెంబు

ఆర్‌వీలో మూడు ట్యాంకులుంటాయి: మంచినీళ్లకు ఒకటి, వాడిన నీళ్లకు గ్రే, టాయిలెట్‌కు బ్లాక్. అమ్మేవాళ్లు మంచినీళ్ల ట్యాంకు పెద్దదని గొప్పగా చెబుతారు. మంచినీళ్లు అయిపోతే డబ్బాలతో తెచ్చి పోసుకోవచ్చు. వాడిన నీళ్లు ఎక్కడ పోస్తారు? నేల మీద వదలకూడదు, మురుగు ఒంపడానికి కట్టిన డంప్ స్టేషన్‌కే వెళ్లాలి. అందుకే నా జాబితాలో గ్రే ట్యాంకుది మొదటి స్థానం. మనం వండుకునే తీరుకు గిన్నెలెక్కువ, కుక్కరు కడగడానికే ఒక గ్యాలన్ కావాలి. నలుగురికి మూడు రోజులు గడవాలంటే గ్రే ట్యాంకు కనీసం 50 గ్యాలన్లు ఉండాలని మా అనుభవం. 60 ఉన్నా వద్దనను. చిన్న ట్రైలర్లలో అంతది అరుదు. అలాంటప్పుడు చక్రాలున్న డబ్బా ట్యాంకు ఒకటి కొనుక్కుంటే నీళ్లు అందులోకి దించి డంప్ స్టేషన్‌కు లాక్కెళ్లవచ్చు. పని మురికిదే, ఖర్చు తక్కువ.

చలి ప్రాంతాలకు వెళ్లేవాళ్లు ట్యాంకులున్న అడుగు భాగం మూసి, వేడిగాలి తగిలేలా కట్టారా అని వంగి చూడాలి. తర్వాత చేయించుకోవడం దాదాపు అసాధ్యం.

మొదటిసారి మా అమ్మ ట్రైలర్ టాయిలెట్‌లోకి తొంగిచూసి అడిగిన ప్రశ్న ఒకటే: "చెంబు ఎక్కడ పెట్టుకోవాలి?" నేను నీళ్లు పొదుపుగా వాడాలని ఉపన్యాసం ఇచ్చాను. తర్వాత తెలిసింది, పొరపాటు నాదేనని. బ్లాక్ ట్యాంకులో నీళ్లు తక్కువై కాగితం ఎక్కువైతే గొట్టం కింద గుట్టలా పేరుకుని గట్టిపడుతుంది. ఆర్‌వీలవాళ్లు దాన్ని పిరమిడ్ అని ముద్దుగా పిలుచుకుంటారు. దాన్ని కదిలించడం ముద్దుగా ఉండదు. నీళ్లు ధారాళంగా పోసే మన అలవాటు ఆ ట్యాంకుకు మేలే చేస్తుంది, కాకపోతే ముందు నిండుతుంది. చేతి స్ప్రే ఉన్న టాయిలెట్లను ఆర్‌వీ టాయిలెట్ తయారీదారులే అమ్ముతున్నారు. పాతది తీసి కొత్తది పెట్టడం ఒక పూట పని, కనుక అది బిగించుకోగలిగే వాటి జాబితాలోది. వ్యానుల్లో ఉండే పెట్టె టాయిలెట్ మాత్రం పుట్టుకతో వచ్చేది. ఐదు గ్యాలన్ల పెట్టెను తీసుకెళ్లి మామూలు మరుగుదొడ్డిలో ఒంపి రావచ్చన్నది దాని సుగుణం. ఇద్దరికి రెండు రోజులు వస్తుంది. ఆరుగురికి పూటకోసారి మోయాలి.

వంట, ముఖ్యంగా తాలింపు

అమెరికా ఆర్‌వీలను శాండ్‌విచ్ చేసుకునేవాళ్ల కోసం కట్టారు. మొదటి ప్రయాణంలో మా ఆవిడ చారుకు తాలింపు పెట్టింది. ఎండుమిరపకాయ వేగిందో లేదో, పొగ అలారం మోగింది. దాన్ని ఆపేలోపు పిల్లలు దగ్గుతూ బయటికి పరుగెత్తారు. పొయ్యి మీది హుడ్ ఫ్యాను తిరుగుతూనే ఉంది. తర్వాత స్క్రూలు విప్పి చూస్తే అది పొగను బయటికి పంపే రకం కాదు, జల్లెడ గుండా లాగి మళ్లీ మన ముఖం మీదికే వదిలే రకం. ఇంగువ వాసన కిటికీల పైనున్న గుడ్డ పట్టీల్లో చేరి వారాల తరబడి పోలేదు. ట్రైలర్ కొనడానికి వచ్చినాయన లోపలికి అడుగుపెట్టగానే గాలి పీల్చి చిన్నగా నవ్వాడు.

కాబట్టి తర్వాతి దాంట్లో హుడ్‌కు బయటి గోడ మీద రెక్క తెరుచుకునే రంధ్రం ఉండాలి. షోరూములో హుడ్ ఆన్ చేసి, బయటికి వెళ్లి ఆ రెక్క దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ప్రయాణంలో కొట్టుకోకుండా రెక్కకు చిన్న క్లిప్పులు పెడతారు, అవి తీశాకే చూడాలి. పైకప్పుకు పొయ్యి దగ్గరలో పెద్ద ఫ్యాను బిగించుకునే చోటు ఉందా అన్నది మరో ప్రశ్న. వాన మూత ఉన్న ఫ్యాను విడిగా దొరుకుతుంది, 14 అంగుళాల రంధ్రం ముందే ఉంటే మనమే బిగించుకోవచ్చు.

బయటి వంటగదిని అందరూ కోరుకుంటారు. ట్రైలర్ పక్కన తలుపెత్తితే పొయ్యి, చిన్న ఫ్రిజ్, సింకు. చూడటానికి బాగుంటుంది గాని, దానికోసం లోపల ఒక మంచమంత చోటూ, మోయగల బరువులో కొంతా వదులుకోవాలి. ఎలుగుబంట్లు తిరిగే పార్కుల్లో వంట సామాను బయట వదలకూడదన్న నియమం ఎలాగూ ఉంటుంది. దాని బదులు ట్రైలర్ పక్కన గ్యాస్ గొట్టం తగిలించే చిన్న ముక్కు ఉంటే చాలు. మడత బల్ల, రెండు బర్నర్ల పొయ్యి బయట పెట్టుకుంటే తాలింపులూ, వేపుళ్లూ అన్నీ అక్కడే అయిపోతాయి. ఈ ముక్కు చాలా ట్రైలర్లకు ఉంటుంది, అమ్మేవాళ్లు చెప్పరు, మనమే వంగి వెతకాలి.

షోరూముకు మా ఆవిడ ఈసారి ఐదు లీటర్ల కుక్కరు పట్టుకొస్తానంటోంది. నవ్వుతాలు కాదు. పాత ట్రైలర్‌లో పొయ్యి మీద కుక్కరు పెడితే విజిలుకూ, పైనున్న మైక్రోవేవ్ అడుగుకూ మధ్య నాలుగు వేళ్ల సందు. విజిల్ వచ్చినప్పుడల్లా మైక్రోవేవ్ తలుపు మీద పసుపు నీళ్లు చిమ్మేవి. ఇక ఓవెన్ అనే దాన్ని నాలుగేళ్లలో మేం పళ్లేలు దాచుకోవడానికి తప్ప వాడలేదు. ఆ చోట లోతైన సొరుగు ఇచ్చే మోడల్ ఉంటే నేను ఇంకో వంద డాలర్లు ఎక్కువైనా ఇస్తాను.

పడకలు, స్లైడ్

గోడలో ఒక భాగం మోటరుతో బయటికి జరిగి గదిని పెంచే స్లైడ్‌ను చూసి ఎవరైనా ముచ్చటపడతారు. నేనూ పడ్డాను. అది బరువు పెంచుతుంది, చుట్టూ ఉండే రబ్బరు సీలు ఏళ్లు గడిచేకొద్దీ నీళ్లు లోపలికి రానిస్తుంది, మోటరు మొరాయిస్తే చేత్తో తిప్పాలి. ఇవన్నీ భరించవచ్చు. భరించలేనిది వేరే ఉంది: మా ట్రైలర్‌లో స్లైడ్ మూసి ఉంటే టాయిలెట్ తలుపు తెరుచుకునేది కాదు. దారిలో రెస్ట్ ఏరియాలో ఆపి, పక్కన లారీ ఉంటే స్లైడ్ తెరవడానికి చోటు లేక, వెనక మన టాయిలెట్ పెట్టుకుని పిల్లలను తీసుకుని అవతలి మరుగుదొడ్లకు నడిచాం. షోరూములో ప్రతి బండినీ స్లైడ్లు తెరిచే ఉంచుతారు. "మూయండి" అని అడగండి. మూసి ఉండగా లోపలికి వెళ్లి టాయిలెట్ వరకూ, ఫ్రిజ్ వరకూ నడవగలిగితేనే తర్వాతి మాట.

మంచాల దగ్గర టేపు తీయండి. ఆర్‌వీ క్వీన్ అనే పరుపు ఇంట్లోని క్వీన్ కంటే ఐదారంగుళాలు పొట్టి. 80 అంగుళాలకు బదులు 74, 75 ఉంటుంది. మంచం మూడు వైపులా గోడలకు ఆని ఉంటే లోపలివాళ్లు రాత్రి లేచినప్పుడు బయటివాళ్ల మీదుగా పాకాలి. పెళ్లయిన కొత్తల్లో అది సరదాగా ఉంటుందేమో. పెద్దవాళ్లు వస్తే వాళ్లకు నేల మీది స్థిరమైన మంచమే ఇవ్వాలి. క్లాస్ సి డ్రైవరు తల మీది మంచానికి నిచ్చెన ఎక్కాలి, భోజనాల బల్లను మంచంగా మార్చితే మధ్యలో పరుపుల కీళ్లు నడుముకు తగులుతాయి. బీరువా అరల్లా ఒకదానిపై ఒకటి ఉండే బంకుల మీద బరువు పరిమితి స్టిక్కరు ఉంటుంది, చదవండి.

మేం అనుకుంటున్నది: అమ్మా నాన్నా వచ్చినప్పుడు వాళ్లు పెద్ద మంచం మీద, మేం బంకుల్లో, పిల్లలు బయట డేరాలో. దానికీ ఒక మినహాయింపు ఉంది. యెల్లోస్టోన్‌లో కరెంటు, నీళ్లు, మురుగు గొట్టం మూడూ ఇచ్చే క్యాంపు ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కటే. అక్కడ ఎలుగుబంట్ల వల్ల గట్టి గోడలున్న బండ్లనే రానిస్తారు, డేరా వేయనివ్వరు.

కరెంటు గురించి కొంచెం

కొత్తగా కొనేవాళ్లు అందరూ అడిగేది సోలార్ మీద ఏసీ నడుస్తుందా అని. లెక్క వేసుకోండి. పైకప్పు ఏసీకి నడిచేటప్పుడు 1,400 వాట్ల చుట్టూ కావాలి. 100 ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీలో ఉండేది 1,280 వాట్-అవర్లు. అంటే గంట కూడా రాదు. 200 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో రోజంతా తెచ్చేది 800 నుంచి 1,000 వాట్-అవర్లు. టెక్సస్ జూలైలో ఏసీ కావాలంటే క్యాంపు కరెంటో, జనరేటరో ఉండాలి. ఫ్రిజ్, దీపాలు, ఫ్యాను, ఫోన్లు మాత్రం ఆ ఒక్క ప్యానెల్, రెండు లిథియం బ్యాటరీలతో హాయిగా నడుస్తాయి. ఇవి ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకోనక్కర్లేదు, తర్వాత మనమే తక్కువలో పెట్టుకోవచ్చు. సీసం బ్యాటరీలో సగం వరకే వాడుకోవాలి, లిథియంలో దాదాపు అంతా వాడుకోవచ్చు. కాని సున్నా సెల్సియస్ కంటే కింద లిథియంను చార్జ్ చేయకూడదు. అందుకని దాన్ని ట్రైలర్ ముందు కొస మీద కాకుండా మంచం కింద పెట్టుకోవాలి.

ఫ్రిజ్ విషయంలో రెండు రకాల మధ్య పోటీ ఉంది. గ్యాస్ మీద నడిచే పాత రకానికి కరెంటు దాదాపు అక్కర్లేదు, బండి మాత్రం సమతలంగా నిలబడాలి. చల్లబడటానికి సగం రోజు పడుతుంది, 100 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో పెరుగు పులిసిపోతుంది. 12 వోల్టుల కంప్రెసర్ రకం రెండు మూడు గంటల్లో చల్లబడుతుంది, దారిలో కూడా నడుస్తుంది, బ్యాటరీని తింటుంది. ఇడ్లీ పిండి, పెరుగు, పచ్చళ్లు లేనిదే కదలని ఇల్లు మాది, కనుక కంప్రెసరే.

30 ఆంపుల ప్లగ్గు 3,600 వాట్లు ఇస్తుంది. ఏసీ, మైక్రోవేవ్, నీళ్ల హీటరు ఒకేసారి వేస్తే ఫ్యూజు పెట్టె టక్కున కొడుతుంది. 50 ఆంపుల ప్లగ్గులో రెండు లైన్లు కలిపి 12,000 వాట్లు. రెండు ఏసీలు అవసరమయ్యే 30 అడుగుల బండికి 50 కావాలి. చిన్న బండికి ఒక 15,000 బీటీయూ (చల్లబరిచే శక్తికి కొలత) ఏసీ, 30 ఆంపులు చాలు.

పైకప్పు, గోడలు

అమెరికా ఆర్‌వీలలో అత్యధికం ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కలే తయారవుతాయి. జేకో, ఎయిర్‌స్ట్రీమ్ రెండూ థోర్ అనే ఒకే కంపెనీ చేతిలో ఉన్నాయి. ఎన్ని బ్రాండ్లున్నా లోపలి పొయ్యీ, ఫ్రిజ్జూ, టాయిలెట్టూ అవే కొద్ది కంపెనీలవి. కాబట్టి పేరు మీద తర్జనభర్జన తగ్గించి, నీళ్లు ఎక్కడి నుంచి దిగుతాయో చూడండి. మా ట్రైలర్‌కు 14వ నెలలో బంకు మూల తడిసింది. ఒక ఏడాది వారంటీ ముగిసి రెండు నెలలైంది. అమ్మినవాళ్లు "పైకప్పు సీలెంటు మీరు చూసుకోవాలి కదా" అన్నారు. వాళ్లన్నది నిజమే, ఏడాదికి రెండుసార్లైనా నిచ్చెనెక్కి పైనున్న ప్రతి అతుకునూ చూసుకోవాలి. ఆ మాట అమ్మేటప్పుడు చెప్పి ఉంటే బాగుండేది.

చెక్క చట్రానికి అల్యూమినియం రేకు కొట్టిన గోడలు చవక, బాగుచేయడం తేలిక, కాని తడిస్తే లోపల కుళ్లడం బయటికి కనబడదు. అల్యూమినియం చట్రానికి ఫైబర్‌గ్లాస్ అతికించిన గోడలు బరువు తక్కువ, తడిస్తే పైపొర బుడగలా ఉబ్బుతుంది. ఎండ ఏటవాలుగా పడేటప్పుడు గోడ వెంట కన్నానించి చూస్తే ఆ ఉబ్బు తెలుస్తుంది. అతుకులు బాగా తక్కువగా కావాలంటే రెండు కొబ్బరిచిప్పల్లా పైనా కిందా కలిపే ఫైబర్‌గ్లాస్ ట్రైలర్లున్నాయి. కసీటా కంపెనీ వాటిని డాలస్‌కు దక్షిణంగానే చేస్తుంది. ఆ నిర్మాణం నాకు ఎంతో నచ్చింది. 17 అడుగుల్లో ఆరుగురం ఎలా పడతామన్న దానికే జవాబు దొరకలేదు.

ఉత్తర టెక్సస్‌లో వసంతకాలపు వడగళ్లు పైకప్పు మీది ప్లాస్టిక్ మూతలను తూట్లు పొడుస్తాయి. ఇంటి ముందు నిలపనివ్వని కాలనీలే ఎక్కువ కనుక నిలిపే చోటికి నెలనెలా అద్దె కట్టాలి. ఆ చోటుకు పైన కప్పు ఉందా లేదా కూడా ఖర్చులో వేసుకోండి. ఇంతా లెక్క చూశాక ఏడాదికి పది రాత్రులే వెళ్లగలమని తేలితే కొనకండి, అద్దెకు తీసుకోండి. కొనేవాళ్లు కూడా తమకు నచ్చిన అమరికనే ముందు నాలుగు రోజులు అద్దెకు తీసుకోవడం మంచిది.

మా లెక్క 22 అడుగుల ట్రైలర్ దగ్గర ఆగింది. సామానుతో 4,600 పౌండ్లు దాటకూడదు. కొస బరువు 575, హిచ్ 90, ఆరుగురం 785, మొత్తం 1,450. ముప్పై పౌండ్లు మిగులుతాయి, సామానంతా ట్రైలర్‌లోనే వేయాలి. స్లైడ్ లేకపోయినా ఫరవాలేదు. గ్రే ట్యాంకు 40 కంటే తక్కువైతే వద్దు. బయటి స్పీకర్ల గురించి ఈసారి పిల్లలు కూడా అడగడం లేదు.

వాక్సహాచీలో ఒకాయన ఐదేళ్లు వాడిన ట్రైలర్‌ను అమ్ముతున్నాడు. కొలతలన్నీ సరిపోతున్నాయి. శుక్రవారం చూడటానికి రమ్మన్నాడు. శనివారం గట్టి వాన అని చెబుతున్నారు కనుక ఆదివారం ఉదయం వస్తామని మెసేజ్ పెట్టాను. టేపు, టార్చిలైటు, కుక్కరు మూడూ సంచిలో సర్దేసి తలుపు పక్కన పెట్టింది మా ఆవిడ.